బంగారు బంతి ఎవరికివ్వాలి?

(సికింద్రాబాద్‌లోని ఒక గ్రంథాలయం మేడమీద గదిలో, ఆదివారం సాయంత్రం ఒక రిటైరైన డ్రిల్ మాస్టారు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల వినబడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది. ఆపితే ఉక్కపోత, ఆపకపోతే నా మాట వినబడదు. ఉండనివ్వండి, నేనే గట్టిగా మాట్లాడతాను. ముప్పై ఏళ్ళు గ్రౌండులో అరిచిన గొంతు ఇది, ఒక ఫ్యానుకు ఓడిపోదు.

ముందు ఒక పని ఉంది. గుమ్మం దగ్గర మీకందరికీ ఒక చీటీ ఇచ్చారు కదా. దానిమీద ఒక్క పేరు రాయండి. బాలన్ డోర్ అంటే ఏటా ప్రపంచంలో ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే బంగారు బంతి. 2024లో అది మీ చేతిలో ఉంటే ఎవరికిచ్చేవారు? ఒక్క పేరే. పక్కవాళ్ళది చూడొద్దు. రాసి ఈ స్టీలు డబ్బాలో వెయ్యండి, చివర్లో విప్పుదాం. అమ్మా, మీరు ఫుట్‌బాల్ చూడరా? మీ మనవడు ఎవరి పేరు చెబితే అది రాయండి, పరవాలేదు. అసలు ఓటర్లలో కూడా అలాంటివాళ్ళు ఉండే ఉంటారు.

ఇందాక మెట్లమీద ఒకబ్బాయి అడిగాడు, "2024 ఎందుకు సార్, 2025లో డెంబెలేకి వచ్చింది కదా, దాని గురించి చెప్పండి" అని. వచ్చింది బాబూ. 1,380 పాయింట్లతో వచ్చింది. రెండో స్థానంలో ఉన్న లమీన్ యమాల్‌కి 1,059. అంత తేడా ఉన్నచోట మాట్లాడుకోవడానికి ఏముంటుంది? 2024లో ఇంగ్లండు క్లబ్బు మాంచెస్టర్ సిటీకి ఆడిన రోడ్రీకి 1,170, స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్‌కి ఆడిన వినీసియస్‌కి 1,129. తేడా 41. ఆ 41 పాయింట్ల మీద జనం ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. మా ఇంట్లోనే కొట్టుకుంటున్నారు. మా పెద్ద మనవడు మాడ్రిడ్, చిన్నవాడు సిటీ. భోజనాల దగ్గర ఒకడు గోంగూర అందించమంటే ఇంకొకడు అందించడు.

ఆ రాత్రి సంగతి గుర్తుందా? 2024 అక్టోబరు 28. పారిస్‌లో షాట్లే థియేటర్. రియల్ మాడ్రిడ్‌కి ఆ ఏడాది ఉత్తమ క్లబ్ అవార్డు, వాళ్ళ కోచ్ అంచెలొట్టికి ఉత్తమ కోచ్ అవార్డు. తీసుకోవడానికి ఒక్కడు రాలేదు. ఎందుకంటే ఆ రోజు మధ్యాహ్నానికే వాళ్ళకి తెలిసిపోయింది, వినీసియస్‌కి రావడం లేదని. మొత్తం క్లబ్బు అలిగి ఇంట్లో కూర్చుంది. అల్లుడు అలగడం చూశాం, వియ్యపురాలు అలగడం చూశాం, ఆరేడు వందల కోట్లు కాదు, అంతకు ఎన్నో రెట్లు విలువైన క్లబ్బు అలగడం అప్పుడే చూశాం. ఇటు రోడ్రీ ఏమో చంకల్లో కర్రలు పెట్టుకుని వేదిక ఎక్కాడు. సెప్టెంబరులో ఆర్సెనల్ మీద ఆడుతూ మోకాలి లిగమెంటు తెంచుకున్నాడు కదా.

సరే. ఇప్పుడు నేనొక ప్రశ్న అడుగుతాను. ఈ అవార్డు ఎవరిస్తారు? చెప్పండి. ఫిఫా, అంటే ప్రపంచ ఫుట్‌బాల్ సంఘమా? కాదు. అదే అందరూ చేసే పొరపాటు. ఫ్రాన్స్ ఫుట్‌బాల్ అనే పత్రిక ఇస్తుంది. 1956లో మొదలుపెట్టారు. మొదటిది ఇంగ్లండు ఆటగాడు స్టాన్లీ మాథ్యూస్‌కి, 41 ఏళ్ళ వయసులో వచ్చింది. 1994 దాకా యూరప్‌వాళ్ళకే ఇచ్చేవారు. పీలే ఎన్నిసార్లు గెలిచాడు? సున్నా. మారడోనా? సున్నా. ఓడిపోయి కాదు, పోటీలోకే రానివ్వలేదు. 1995లో తలుపు తీశారు. తీసిన ఏడాదే లైబీరియావాడు జార్జ్ వేయా పట్టుకెళ్ళాడు. ఆ వేయా తరవాత వాళ్ళ దేశానికి అధ్యక్షుడు కూడా అయ్యాడు, అది వేరే కథ, దాని జోలికి పోతే మనం ఇంటికి వెళ్ళం.

ఓటు ఎవరిది? ఫిఫా ర్యాంకింగులో మొదటి వంద దేశాల నుంచి, దేశానికి ఒక్క విలేఖరి. ఒక్కొక్కరూ పది పేర్లు వరసలో రాయాలి. మొదటి పేరుకు 15 పాయింట్లు, రెండోదానికి 12, మూడోదానికి 10, అలా తగ్గుతూ పదో పేరుకు ఒకటి. మన దేశం నుంచి ఎవరు వేశారు? ఎవరూ వెయ్యలేదు. మనం ఆ వందలో లేం. నూట నలభై కోట్ల మంది అర్ధరాత్రి దాకా మేలుకుని మ్యాచులు చూసి, పొద్దున్నే ఆఫీసులో ఆవులించి, ఇంత వాదించుకుంటాం, మన ఓటు మాత్రం లేదు. 2010 నుంచి 2015 దాకా ఫిఫాతో కలిపి ఇచ్చిన రోజుల్లో ప్రతి దేశం కెప్టెనుకూ, కోచ్‌కూ, ఒక విలేఖరికీ ఓటు ఉండేది. అప్పుడు మనకీ ఉండేది.

అయితే ఆ పద్ధతి బాగుందా? 2010 చూడండి. వెస్లీ స్నైడర్ ఆ ఏడాది ఇంటర్ మిలాన్‌తో ఇటలీ లీగు, ఇటలీ కప్పు, యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగు మూడూ గెలిచాడు. వరల్డ్ కప్పులో 5 గోల్స్ కొట్టి నెదర్లాండ్స్‌ని ఫైనలుకు తెచ్చాడు. ఇనియెస్టా ఆ ఫైనల్లో 116వ నిమిషంలో గోల్ కొట్టి స్పెయిన్‌కి కప్పు ఇచ్చాడు. మెస్సీ ఆ వరల్డ్ కప్పులో ఒక్క గోలూ కొట్టలేదు. అవార్డు ఎవరికొచ్చింది? మెస్సీకి. విలేఖరుల ఓట్లు ఒక్కటే లెక్కపెడితే స్నైడరే మొదటివాడు. కెప్టెన్లూ కోచ్‌లూ కలిసేసరికి నాలుగో స్థానానికి పోయాడు. నేను మెస్సీ భక్తుణ్ణే, ఆ మూల నీలం గీతల చొక్కా వేసుకున్న బాబూ, నన్నలా చూడకు. నేననేది, ఆటగాళ్ళు ఓటు వేస్తే "వీళ్ళందరిలో గొప్పవాడెవడు" అన్న ప్రశ్నకు జవాబు రాశారు. విలేఖరులు "ఈ ఏడాది ఎవరిది" అన్న ప్రశ్నకు రాశారు. ప్రశ్నపత్రం ఒకటే. చదువుకున్నది వేరువేరు.

అసలు గొడవంతా అక్కడే ఉంది. ఈ ఒక్క బంతిలో మూడు ప్రశ్నలు కూరి పెట్టారు. ఎవరు గొప్ప ఆటగాడు అనేది ఒకటి. ఈ ఏడాది ఎవరు మనల్ని కుర్చీలోంచి లేపి నిలబెట్టారు అనేది ఇంకొకటి. మూడోది, ఎవరు లేకపోతే జట్టు కూలిపోతుంది. మూడింటికీ ఒకే పేరు రావాలని ఎక్కడుంది? ఇంట్లో అందరికన్నా బాగా చదివినవాడూ, అందరికన్నా అందంగా పాడేవాడూ, నెలాఖరున కరెంటు బిల్లు కట్టేవాడూ ఒకడే అవుతాడా?

ఈ మూడో ప్రశ్నకే అమెరికావాళ్ళు మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ అని పేరు పెట్టుకున్నారు. మీ పిల్లలు అక్కడ ఉంటే అడగండి, వాళ్ళ ఫుట్‌బాల్ వేరు, చేత్తో పట్టుకుని పరిగెడతారు. అక్కడా ఇదే తగాదా. యాభై మంది విలేఖరులు ఓటు వేస్తారు. 2012లో ఏడ్రియన్ పీటర్సన్ అని బంతి పట్టుకుని పరిగెత్తేవాడు ఒకడు గెలిచాడు. ఆ తరవాత క్వార్టర్‌బ్యాక్‌కి, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడికి తప్ప ఇంకెవరికీ రాలేదు. "విలువ అంటే క్వార్టర్‌బ్యాకేనా, మిగతావాళ్ళు అరటిపండ్లా" అని అక్కడా అరుస్తున్నారు. మన ఫుట్‌బాల్లో ఆ స్థానం గోల్ కొట్టేవాడిది. 1963లో లెవ్ యాషిన్‌కి వచ్చింది. అది తప్ప ఈ డెబ్బై ఏళ్ళలో గోల్‌కీపర్‌కి బాలన్ డోర్ వచ్చింది లేదు.

ఇక అసలు కేసుకొద్దాం. ముందు వినీసియస్ తరఫున వాదిస్తాను. లాయరు ఇద్దరి తరఫునా ఫీజు తీసుకోకూడదంటారు, నాకెవరూ ఫీజు ఇవ్వలేదు కాబట్టి ఇద్దరి తరఫునా వాదిస్తాను.

ఆ సీజన్లో మాడ్రిడ్ తరఫున 39 మ్యాచులు, 24 గోల్స్. స్పానిష్ సూపర్ కప్ ఫైనల్లో బార్సిలోనా మీద మొదటి సగంలోనే హ్యాట్రిక్. ఛాంపియన్స్ లీగు ఫైనల్లో వెంబ్లీలో రెండో గోల్ అతనిదే. ఇవన్నీ లెక్కలు, ఫోనులో దొరుకుతాయి. నేను ఒక్క గోల్ గురించి చెబుతాను. ఏప్రిల్ 30, మ్యూనిక్, సెమీ ఫైనల్ మొదటి మ్యాచ్. బయర్న్ మ్యూనిక్ బాగా ఆడుతోంది, మాడ్రిడ్‌కి ఊపిరాడటం లేదు. 24వ నిమిషం. బంతి మాడ్రిడ్ మిడ్‌ఫీల్డరు క్రూస్ దగ్గర, మైదానం మధ్యలో. వినీసియస్ బంతి కోసం వెనక్కి వస్తున్నట్టు రెండడుగులు వేశాడు. బయర్న్ డిఫెండరు కిమ్ అతని వెంట ముందుకొచ్చాడు. అతను ముందుకు రాగానే అతని వెనక ఏమయింది? ఖాళీ. వినీసియస్ గిరుక్కున తిరిగి ఆ ఖాళీలోకి పరుగు. క్రూస్ అప్పటికే చేత్తో చూపించేశాడు, అక్కడికి వెళ్ళు అని. బంతి నేలబారుగా, డిఫెన్సు అంతటినీ చీల్చుకుంటూ, సరిగ్గా అతని పరుగుకు అందేట్టు వచ్చింది. ముందు గోల్‌కీపరు నోయర్ ఒక్కడే. గోల్.

మళ్ళీ చెబుతాను, ఎందుకంటే ఇది నాకు ఇష్టం. వెనక్కి వస్తున్నట్టు రెండడుగులు, అంతే. కబడ్డీలో రైడరు చేయి చాపినట్టు చాపి కాలు వేస్తాడే, అది. ఆ రెండడుగులు ఎవరికీ నేర్పలేం. నేను ముప్పై ఏళ్ళు నేర్పడానికి ప్రయత్నించాను.

అయితే ఆ గోల్ ఎవరిది? పేరు వినీసియస్‌ది. అందులో క్రూస్ వాటా ఎంత? సగమా? సగం కన్నా ఎక్కువంటారా? ఇదిగో, ఇక్కడే రెండు వర్గాలయిపోయారు మీరు. ఉండండి, ఉండండి.

ఇప్పుడు రోడ్రీ. ఈయన గురించి చెప్పడానికి వీడియో ముక్కలు దొరకవు. దొరికినా మా మనవడు చూడడు. అప్పట్లో సోషల్ మీడియా ఖాతాలు కూడా లేవు. విల్లారియల్‌లో ఆడే రోజుల్లో కాలేజీలో బిజినెస్ చదువుకుంటూ హాస్టల్లో ఉన్నాడు. లీగులో 8 గోల్స్ కొట్టాడు, మిడ్‌ఫీల్డులో వెనక నిలబడేవాడికి అది తక్కువేం కాదు, కానీ దానికోసం ఎవరూ అవార్డు ఇవ్వరు.

నేను చెప్పేది వినండి. 2023-24లో మాంచెస్టర్ సిటీ లీగు గెలిచింది. 38 మ్యాచుల్లో మూడు ఓడింది. వుల్వ్స్ చేతిలో, ఆర్సెనల్ చేతిలో, ఆస్టన్ విల్లా చేతిలో. ఆ మూడింటిలో రోడ్రీ ఎక్కడున్నాడు? స్టాండులో. సస్పెండయ్యాడు. మూడింటికి మూడూ. లీగ్ కప్పులో న్యూకాజిల్ చేతిలో ఓడారు, ఆ రోజు కూడా లేడు. రోడ్రీ దిగిన మ్యాచుల్లో సిటీ 74 మ్యాచుల పాటు ఓడలేదు. ఒక ఏడాది కాదు, ఏడాదికి పైగా. చివరికి మే 25న ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో ఓడినప్పుడు ఆ వరస తెగింది.

పెద్దాయనకి కావలసిన రుజువు దొరికింది అనుకుంటున్నారు కదా. అంత తొందర వద్దు. ఎందుకు సస్పెండయ్యాడో అడగరేం? నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మ్యాచులో ఎదుటివాడి మెడ పట్టుకున్నాడు. రెడ్ కార్డు, మూడు మ్యాచులు. న్యూకాజిల్, వుల్వ్స్, ఆర్సెనల్ మ్యాచులు అలా పోయాయి. విల్లా మ్యాచు మాత్రం పసుపు కార్డులు ఎక్కువై పోయింది. అవార్డు నియమాల్లో మూడోది ఏమిటో తెలుసా? హుందాతనం, ఫెయిర్ ప్లే. వినీసియస్ గొడవపడతాడు, రిఫరీల మీద అరుస్తాడు, అందుకే ఓట్లు పోయాయి అంటారు. మెడ పట్టుకున్నది ఎవరు మరి? మెడ పట్టుకోబట్టే కదా అతను లేని మ్యాచులు వచ్చాయి, లేని మ్యాచులు ఉండబట్టే కదా అతని విలువ మనకి తెలిసింది! క్రమశిక్షణగా ఉండుంటే మన దగ్గర రుజువే ఉండేది కాదు. నవ్వొస్తుంది కానీ నిజం.

ఇంకోటి. మాడ్రిడ్ ఆ సీజన్ లీగులో ఎన్నిసార్లు ఓడింది? ఒక్కసారి. సెప్టెంబరులో, అట్లెటికో చేతిలో 3-1. ఆ రోజు వినీసియస్ ఆడాడా? లేదు. ఇప్పుడేమంటారు? ఇతను లేకపోతే కూడా ఓడారే! అయితే నవంబరులో గాయపడి ఆ ఏడాది చివరిదాకా ఆడలేదు, అప్పుడు మాత్రం మాడ్రిడ్ ఒక్కటీ ఓడలేదు. అంటే లేనప్పటి లెక్క చూసే పద్ధతి బాగుంటుంది కానీ దాన్ని మరీ గట్టిగా పట్టుకుంటే చేతిలోంచి జారిపోతుంది. నిజం చెప్పాలంటే యూరో, అంటే యూరప్ దేశాల కప్పు, ఫైనల్ కూడా చెప్పాలి. జూలై 14, బెర్లిన్. స్పెయిన్ తరఫున ఆడుతున్న రోడ్రీ గాయంతో సగం ఆటకే బయటికొచ్చేశాడు. అతని బదులు సుబిమెండి వచ్చాడు. స్పెయిన్ రెండో సగంలోనే రెండు గోల్స్ కొట్టి ఇంగ్లండు మీద 2-1తో గెలిచింది. రోడ్రీ లేకుండానే. అయినా టోర్నీ ఉత్తమ ఆటగాడు రోడ్రీయే. మా పెద్ద మనవడికి ఈ పాయింటు నేనే అందించాను, చిన్నవాడికి చెప్పకండి.

అవార్డు ఇచ్చిన తరవాత జరిగింది మాత్రం ఎవరూ ఊహించలేదు. అక్టోబరు 28న రోడ్రీ కర్రలమీద బంగారు బంతి అందుకున్నాడా, 30న సిటీ టాటెన్‌హామ్ చేతిలో ఓడింది. తరవాత బోర్న్‌మౌత్, తరవాత స్పోర్టింగ్ లిస్బన్ 4-1, తరవాత బ్రైటన్, తరవాత మళ్ళీ టాటెన్‌హామ్ 4-0, అదీ సొంత మైదానంలో. వరసగా ఐదు. డిసెంబరు 26 దాకా 13 మ్యాచులు ఆడితే గెలిచింది ఒక్కటి, ఓడినవి తొమ్మిది. సిటీ కోచ్ గ్వార్డియోలా అంతటివాడు తల గీరుకుని గీరుకుని నెత్తిమీద గాట్లు పడి ప్రెస్ ముందు కూర్చున్నాడు. డిఫెండర్లకీ గాయాలున్నాయి, కొందరు వయసు మీద పడి నెమ్మదించారు, అంతా ఒక్కడి మీద వెయ్యకూడదు. రోడ్రీ గాయపడ్డాక మొదటి నెల బాగానే నెట్టుకొచ్చారు కూడా. కానీ ఓటు వేసినవాళ్ళకి క్రిస్మస్ నాటి పాయింట్ల పట్టిక ముందే చూపించి ఉంటే 41 కాదు, 400 తేడా వచ్చేది.

ఒక చిన్న పని చెబుతాను, ఇంటికెళ్ళి చెయ్యండి. పాత సిటీ మ్యాచ్ ఏదైనా పెట్టుకోండి, ఒక పది నిమిషాలు బంతిని చూడకండి. కష్టం, కళ్ళు అటే పోతాయి. బలవంతంగా 16వ నంబరును చూడండి. బంతి తన దగ్గరికి రాకముందే తల ఎడమకి, కుడికి, మళ్ళీ ఎడమకి. హైవే దాటే ముసలమ్మ చూసినట్టు చూస్తాడు. బంతి వచ్చేసరికి ఎవరెక్కడున్నారో అతనికి తెలిసిపోయింది. ఒకే టచ్, పక్కవాడికి. అది గొప్ప పాసేం కాదు, అయిదు గజాలు. కానీ ఆ అయిదు గజాలతో ఎదుటి జట్టులో ముగ్గురు అటునుంచి ఇటు పరిగెత్తాల్సి వచ్చింది. ఇలా మ్యాచుకి వందసార్లు. అరవయ్యో నిమిషానికి వాళ్ళ కాళ్ళు బరువెక్కుతాయి. అరవై అయిదులో ఎవరో గోల్ కొడతారు. టీవీలో కొట్టినవాడి మొహం చూపిస్తారు.

మాడ్రిడ్‌కి ఈ పాఠం కొత్తేం కాదు. 2003లో మకలేలే అని ఇలాంటివాడినే జీతం పెంచమన్నందుకు చెల్సీకి అమ్మేశారు. అదే వేసవిలో బెక్‌హామ్‌ని తెచ్చారు. బెంట్లీ కారుకి ఇంజిను తీసేసి బంగారు పూత ఎందుకు అని జిదాన్ అన్నాడని చెబుతారు. 2003లో లీగు గెలిచిన మాడ్రిడ్ మళ్ళీ లీగు గెలవడానికి 2007 దాకా పట్టింది. ఈలోగా చెల్సీ అతనితో రెండు లీగులు గెలిచింది. ఇంగ్లండులో ఆ స్థానానికి మకలేలే పేరే పెట్టేశారు. మకలేలేకి బాలన్ డోర్ వచ్చిందా? రాలేదు.

పెళ్ళిభోజనంలో చూడండి, గులాబ్ జామ్ గురించి అందరూ చెప్పుకుంటారు. అన్నం గురించి ఎవరైనా చెప్పుకుంటారా? మాడితే చెప్పుకుంటారు.

ఇంకో సంగతి మాట్లాడకుండా దాటేస్తే తప్పవుతుంది. వినీసియస్ స్పెయిన్ స్టేడియాల్లో ఏళ్ళ తరబడి జాతి తిట్లు తిన్నాడు. 2023 మేలో వాలెన్సియా మైదానంలో అతణ్ణి తిట్టిన ముగ్గురికి 2024 జూన్‌లో ఎనిమిది నెలల శిక్ష పడింది. అతను ఊరుకుని ఉంటే అది జరిగేది కాదు. గొంతెత్తినందుకే నాకు ఓట్లు తగ్గాయని అతను నమ్మితే, కాదని మనం ఇక్కడ కూర్చుని ఎలా చెప్పగలం? పత్రికవాళ్ళు చెప్పిన లెక్క వేరు. బెల్లింగ్‌హామ్, కార్వహాల్ ఇద్దరూ మాడ్రిడ్‌వాళ్ళే, మూడు, నాలుగు స్థానాల్లో వచ్చారు, వాళ్ళకి పడ్డ పాయింట్లు వినీసియస్‌కి తగ్గాయి అన్నారు. అదీ నిజమే. ఒకే ఇంట్లో ముగ్గురు సర్పంచికి నిలబడితే ఏమవుతుందో మనకి తెలియదా? డిసెంబరులో ఫిఫా తన బెస్ట్ అవార్డు వినీసియస్‌కే ఇచ్చింది. అంటే ఒకే ఏడాదికి ఇద్దరు ప్రపంచ ఉత్తమ ఆటగాళ్ళు. ఎవరు తప్పు?

నన్నడిగితే, నియమాల పుస్తకం చదివితే వినీసియస్. మొదటి నియమమే, మ్యాచ్ ఫలితాన్ని మార్చేసే ఆట, కళ్ళు చెదిరే ఆట అంటుంది. అది అతనే. నేను ఓటరునైతే మాత్రం రోడ్రీ పేరు రాసేవాణ్ణి. నియమం తప్పానని అంటే ఒప్పుకుంటాను. నేను రోడ్రీలా మధ్యలో వెనక నిలబడే హాఫ్‌బ్యాక్‌గా ఆడినవాణ్ణి, నా పక్షపాతం నాకుంది.

మన ఊరి మాట ఒకటి చెప్పాలి. తులసీదాస్ బలరామ్. ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. నాలుగు. ఇక్కడికి కాస్త దూరంలో అమ్ముగూడ ఆయన ఊరు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో వచ్చాం, ఆ జట్టులో ఉన్నాడు. 1960 రోమ్‌లో హంగేరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టాడు. హంగేరీ అంటే ఆ రోజుల్లో మాటలా? 1962 జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. కోచ్ మన హైదరాబాదీ రహీం సాబ్. ముందు వరసలో పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్, ముగ్గురినీ కలిపే చెప్పుకునేవారు. పీకేకి పద్మశ్రీ వచ్చింది. చునీకి పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కి అర్జున దగ్గరే ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో పోయారు. ఆయన గోల్స్ కొట్టినవాడే, వెనక నిలబడ్డవాడు కూడా కాదు. ఇంతకీ ఎందుకు రాలేదంటే నేనేం చెప్పను? దానికి 41 పాయింట్ల లెక్కలాంటిది కూడా ఎవరూ చూపించలేదు.

ఇక నా కేసు చెప్పి ఆపేస్తాను. ఒకసారి ఇంటర్ స్కూల్ టోర్నమెంటుకి ఉత్తమ ఆటగాణ్ణి ఎంపిక చేసే ముగ్గురిలో నన్ను ఒకణ్ణి చేశారు. ఒక జట్టులో సెంటర్ ఫార్వర్డ్ అయిదు మ్యాచుల్లో తొమ్మిది గోల్స్ కొట్టాడు. అదే జట్టులో సన్నగా, పొడుగ్గా ఒక హాఫ్‌బ్యాక్ ఉన్నాడు, ఒక్క గోలూ లేదు. బూట్లు పెద్దవి, ముందు గుడ్డ కుక్కుకుని ఆడేవాడు. నేను ఆ పిల్లవాడి పేరు పట్టుకుని కూర్చున్నాను. గంటసేపు వాదించాను. మిగతా ఇద్దరికీ ఆకలి వేస్తోంది, మైకు దగ్గర వాడు పేరు చెప్పండి సార్ అని మూడుసార్లు వచ్చాడు. చివరికి విసుగొచ్చి నా మాటే ఒప్పుకున్నారు. గెలిచింది న్యాయం కాదు, ఆకలి.

పేరు పిలిచారు. ఆ పిల్లవాడు కదల్లేదు. పక్కవాళ్ళు తోశారు. వచ్చి షీల్డు తీసుకున్నాడు, ఫోటో తీశారు, నవ్వలేదు. సభ అయ్యాక నా దగ్గరికొచ్చి, "సార్, పేరు తప్పు చదివారేమో. నేను గోల్ కొట్టలేదు కదా" అన్నాడు. షీల్డు నా చేతిలో పెట్టబోయాడు. నేను గంటసేపు ముగ్గురు పెద్దవాళ్ళకి చెప్పిందంతా వాడికి చెప్పాను, నువ్వు ఎక్కడ నిలబడ్డావు, ఏ బంతి ఆపావు, అన్నీ. వాడు తలూపాడు. అర్థమయినట్టు మాత్రం అనిపించలేదు. సెంటర్ ఫార్వర్డ్ పిల్లవాడు గోడ పక్కన నిలబడి ఏడుస్తున్నాడు. ఆ తరవాత నెల రోజులు వాడు ప్రాక్టీసుకి రాలేదని వాళ్ళ మాస్టారు ఫోన్ చేసి నన్ను తిట్టాడు. నేను చేసింది ఒప్పా తప్పా? ఇరవై ఏళ్ళయింది, ఇప్పటికీ ఒక్కో రోజు ఒక్కోలా అనిపిస్తుంది.

సరే, డబ్బా ఇటివ్వండి. ఎన్ని చీటీలు? నలభై. చదువుతాను, ఎవరైనా బోర్డుమీద గీతలు పెట్టండి. వినీసియస్. వినీసియస్. రోడ్రీ. బెల్లింగ్‌హామ్. వినీసియస్. ఇది మెస్సీ. బాబూ, ఆ ఏడాది ముప్పై మంది పేర్ల జాబితాలో మెస్సీ లేడు, రొనాల్డో లేడు, ఇద్దరూ లేకపోవడం 2003 తరవాత అదే మొదటిసారి. అయినా లెక్కలో వేస్తున్నా, ఓటు ఓటే. రోడ్రీ. వినీసియస్. క్రూస్, ఓహో, ఇది ఎవరిది? ఇందాక మ్యూనిక్ గోల్ గురించి చెప్పాక మార్చి రాశారు కదూ. దొరికిపోయారు.

అయిందా? వినీసియస్ పద్దెనిమిది, రోడ్రీ పన్నెండు, మెస్సీ అయిదు, బెల్లింగ్‌హామ్ మూడు, క్రూస్ ఒకటి. ముప్పై తొమ్మిది. ఇంకొకటి మిగిలింది. ఇది... ధోనీ అని ఉంది. అమ్మా, ఇది మీదేనా? మనవడు చెప్పలేదా? సరే, కూర్చోండి, కూర్చోండి, టీ ఇక్కడికే తెస్తున్నారు.